బాబాయిగారు సగం తిప్పి వదిలిన ఫిల్టరు

మా బాబాయిగారు పోయారు.

ఈ ఒక్క ముక్క రాసి కలం కింద పెట్టేశాను. నన్ను ఎరిగినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మైకు చేతికి దొరికితే దిగను, దింపినా దిగను అని జహీరాబాద్‌లో నాకు పేరుంది. కల్లు మీద, గుట్కా మీద, కన్నవాళ్లకు అన్నం పెట్టని కొడుకుల మీద నేను గొంతు చించుకుంటే హైవే లారీల హారన్లు చిన్నబోతాయని జనం నవ్వుకుంటారు. నేను ఏ గురువు దగ్గరా చదువుకోలేదు. అల్లం మండీలో బస్తాల మీద కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్న శాస్త్రం నాది. ఎర్రగుడ్డ చుట్టిన గ్రంథం భుజం సంచిలో లేకుండా ఇల్లు కదలను. చావు గురించి అందులో ఎక్కడెక్కడ ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఎందరి ఇళ్లలోనో కూర్చుని చెప్పాను. ఆ రోజు మాత్రం ఒక్క శ్లోకం నా నోటికి రాలేదు.

చిరాగ్‌పల్లిలో ఒకరింట్లో గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. ప్రవచనం మంచి ఊపులో ఉంది. ఇంటాయన ఫోను పట్టుకుని వచ్చి, మీ ఇంటికాడినుంచి ఆగకుండా మోగుతున్నదని నా చేతిలో పెట్టాడు. అవతల నా భార్య.

"బాబాయి సచ్చిపోయిండు" అంది.

"ఎవరి బాబాయి?"

"ఎవరి బాబాయేంది! మన బాబాయే. ట్రాక్టర్ కాడ కూసున్నోడు కూసున్నట్టే..."

"ఏం మాటలు మాట్లాడుతున్నవ్? పొద్దుగాల ఇద్దరం చాయ్ తాగినం. పార్సిల్ తెస్తనని బస్టాండ్‌కు పోయిండు."

"తెచ్చిండు. తెచ్చి బిగిస్తుంటెనే..." అని అక్కడ ఆగిపోయింది.

నేను ఫోను జేబులో పెట్టుకుని, మైకు దగ్గరకు వెళ్లి, ఆపిన చోటినుంచి మళ్లీ మొదలుపెట్టాను. అబద్ధం కాదు. గడప గురించి, గడపకు పూసే పసుపు గురించి ఏదో చెబుతూనే ఉన్నాను. కాసేపటికి ఇంటాయన వచ్చి మెల్లగా నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "అయ్యా, ఆపుండ్రి. నీళ్లు కారుతున్నయ్ కండ్లల్లకెంచి" అన్నాడు. అప్పటిదాకా ఆ సంగతి నాకు తెలియదు.

న్యాల్‌కల్ రోడ్డులో ఆయన చేను, నా చేను పక్కపక్కనే. బండి ఎట్లా నడిపానో నాకు గుర్తు లేదు. రేకుల షెడ్డు ముందు జనం ఉన్నారు. లోపల చిన్న ట్రాక్టరు. అల్లం బెడ్ల మధ్య ఇరుకు సాళ్లలో పెద్దది తిరగదని ఆయన ముచ్చటపడి కొన్నది. దాని వెనక, విత్తనం పెట్టడానికి మట్టిని ఎత్తుగా లేపి బెడ్లు తీసే ఇనుప పరికరం నేల మీదికి దించి ఉంది. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. పాత న్యూస్‌పేపరు మీద పానాలు వరసగా పరిచి ఉన్నాయి. పక్కన సీలు తీయని ఆయిలు డబ్బా. ట్రాక్టరు పొట్ట పక్కన కొత్త ఫిల్టరు సగం వరకే మరలోకి తిరిగి, తల బయట పెట్టుకుని ఆగిపోయి ఉంది.

చక్రానికి చెవి ఆనించి కూర్చుని ఉన్నారట. "ఆయనకది అలవాటేనండీ, బండికి చెవి పెట్టి వింటూ ఉంటారు. అలాగే వింటున్నారనుకున్నాను. టీ తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయానండీ. మళ్లీ వచ్చేసరికి టీ అలాగే ఉంది" అన్నారు పిన్నిగారు. ఆ మాటే వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. ఏడవడం లేదు. టీ అలాగే ఉంది, టీ అలాగే ఉంది, అంతే.

షెడ్డులో ఇంకో మూల విత్తనం అల్లం గోనెల మీద పరిచి ఉంది. కళ్లు విచ్చుకుని మొలకలు బయటికి వచ్చేశాయి. బయట వాన మొగులు కమ్ముకుంటోంది. బెడ్లు లేవు. బెడ్లు తీసే ట్రాక్టరు పొట్ట విప్పి ఉంది. విప్పినాయన చాప మీద ఉన్నారు.

చదువుతున్న మీలో చాలామందికి ఆయన తెలియదు గనుక చెబుతాను. బాబాయిగారు నాకు రక్తసంబంధం కాదు. మా కులం కాదు, మా జిల్లా కూడా కాదు. తణుకు దగ్గర పల్లెటూరినుంచి ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరడానికి వచ్చారు. ఆయన కింద పనిచేసే కుర్రాళ్లు బాబాయిగారూ అని పిలిచేవారు. ఆ పిలుపు గేటు దాటి మా వీధిలోకి వచ్చింది. ఆయనకంటే పెద్దవాళ్లు కూడా బాబాయే అనేవారు. ఆయన భార్య పిన్నిగారు అయిపోయారు. పిల్లలు లేరు. రిటైరయ్యాక వెనక్కి వెళ్లిపోతారనుకున్నాం. వెళ్లలేదు. నా చేను పక్కన చెలక కొన్నారు.

మా స్నేహం తగవుతో మొదలైంది. గుడి మైకు ఆయన కిటికీకి ఎదురుగా ఉండేది. నైట్ డ్యూటీ చేసి పడుకున్న మనిషి లుంగీ బిగించుకుంటూ సత్సంగం మధ్యలోకి వచ్చి, అందరి ముందు నన్నడిగారు: "గురువుగారూ, ఒక డౌటండీ. దేవుడికి చెవుడాండీ?"

నాకు ఒళ్లు మండింది. "దేవునికి గాదు, నీ లెక్క పండుకున్నోళ్లకు చెవుడు" అన్నాను.

"నాకు లేదండీ. ఉంటే పడుకుందునండీ" అన్నారు.

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను ఆ రోజు కోపంతో ఇంకో గంట చెప్పాను. మర్నాటినుంచి ఆయన డ్యూటీ లేని రోజు వచ్చి చెప్పుల దగ్గర, అందరికంటే వెనక, కూర్చోవడం మొదలుపెట్టారు. భక్తి అనుకునేరు! తప్పు పట్టడానికి. "మొన్న ఆ శ్లోకానికి అర్థం వేరేగా చెప్పారే, ఇవాళ మారిందేంటండీ?" అని అందరూ వెళ్లిపోయాక పట్టుకునేవారు. అయ్యా, అమ్మా, వినండి: నన్ను పొగిడినవాళ్లు వందలమంది. నేను చెప్పింది గుర్తుపెట్టుకున్నవాడు ఆయనొక్కడే. ఆయన అడుగుతాడనే భయంతో నేను ఇంటికెళ్లి మళ్లీ చదివేవాణ్ని. నా చదువులో సగం ఆయన పోరు పడలేక చదివిందే.

ఆయనేమీ మునీశ్వరుడు కాదు. గొప్పలు చెప్పుకోవడంలో ఆయన తరవాతే ఎవరైనా. "మా డెల్టావాళ్లం మట్టిలో ఏం పెట్టినా మొలిపిస్తామండీ" అని మొదటి ఏడాది అల్లం పెట్టారు. పెట్టి, వరికి పెట్టినట్టు నీళ్లు పెట్టారు. మడులు నింపి, గట్లు కట్టి, నిండుగా. వద్దు బాబాయ్ అని మేం మొత్తుకుంటే, నీళ్లంటే మీకు భయమండీ, చూసి ఉండరు అన్నారు. దుంప మొత్తం కుళ్లింది. చేను చేనంతా వాసన. మా పక్క రైతొకాయన గట్టు మీద నిలబడి, "ఏంది బాబాయ్, అల్లం నారు పోసినవా, నాట్లు ఎప్పుడేస్తవ్?" అని అడిగాడు. బాబాయిగారు రెండు రోజులు ఎవరికీ మొహం చూపించలేదు. మూడో రోజు ఆ రైతు ఇంటికే వెళ్లి, అరుగు మీద కూర్చుని, "మొదటినుంచి చెప్పండి, నేను బడిలో చేరాను" అన్నారట. అదీ ఆయన.

ఆయనకు ఒక మాట ఉండేది. ఏ మరైనా, ఏ బోల్టైనా, "ముందు చేత్తో తిప్పండి. చేతికి తిరిగినంతసేపూ పానా ముట్టుకోవద్దు. చెయ్యి చెబుతుంది మర సరిగ్గా పడిందో లేదో. పానా చెప్పదు, అది మూర్ఖంగా బిగించేస్తుంది." నేను దీన్ని ఒకసారి ప్రవచనంలో వాడుకున్నాను, పిల్లల్ని పెంచడం గురించి చెబుతూ. వెనకనుంచి, చెప్పుల దగ్గరనుంచి, గట్టిగా వినిపించింది: "అది నాదండీ!"

పని అయ్యాక చేతులకు పంచదార, సబ్బుపొడి కలిపి రుద్దుకునేవారు, జిడ్డు వదలడానికి. వదిలేది కాదు. మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే ముందు చేతులు వాసన చూసుకుని, "పర్లేదు, డీజిలు తక్కువే" అనేవారు. మా ఆవిడ జొన్నరొట్టె వేస్తే ఆవకాయ అద్దుకుని తినేవారు. "గంత కారం ఎట్ల తింటవ్ బాబాయ్, కడుపా కొలిమా?" అని మా ఆవిడ. "మీ రొట్టె మింగడానికి ఏదో ఒకటి తొయ్యాలి కదమ్మా" అని ఆయన.

ఇంక ఈ ఫిల్టరు కథ. దాన్ని చెప్పకుండా ఆయన ఆఖరి రోజులు చెప్పలేను.

తెలియనివాళ్లకు ఒక ముక్క: ట్రాక్టరు వెనక రెండు ఇనుప చేతులుంటాయి. నాగలినైనా, బెడ్లు తీసేదాన్నైనా అవే ఎత్తుతాయి, దించుతాయి. ఎత్తే బలం ఆయిలుది. దాన్నే హైడ్రాలిక్ అంటారు. ఆ ఆయిలు పంపులోకి పోయే దారిలో సన్నని ఉక్కు జాలీతో చేసిన గొట్టం లాంటి ఫిల్టరు కూర్చుని చెత్తను ఆపుతుంది.

వానలు దగ్గర పడ్డాయని ఆయన ట్రాక్టరు చేలోకి దింపితే, వెనక చేతులు లేవలేదు. లేచినా ముసలివాళ్లు మోకాలు పట్టుకుని లేచినట్టు వణుక్కుంటూ సగంలో ఆగాయి. పంపు ఒకటే కీచుమంటోంది. షెడ్డులోకి తెచ్చి, ఆయిలు దింపి, ఫిల్టరు విప్పారు. నేను పక్కనే ఉన్నాను. బయటికి తీసిన గొట్టం నడుం దగ్గర నొక్కుకుపోయి, అతుకు వెంట చిరిగి ఉంది. దాని ఒంటినిండా పచ్చటి ముద్ద.

బాబాయిగారు ఆ ముద్దను వేలితో తీశారు. నలిపారు. వాసన చూశారు. నా మొహంలోకి చూశారు. ఆ తరవాత ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఏమేవ్! ఇలా రా! ట్రాక్టరుకి అన్నప్రాసన చేశావే నువ్వు!"

అవి అక్షింతలు. ఉగాదినాడు ట్రాక్టరుకి పూజ చేశారు. అప్పుడే ఆయిలు కాస్త తగ్గిందని పోయబోతూ ఆయన మూత విప్పారు. ఇంతలో హారతి అన్నారు. విప్పిన మూత అలాగే వదిలి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. పిన్నిగారు బండి మీద దోసెడు అక్షింతలు చల్లారు. పసుపూ నెయ్యీ కలిపిన బియ్యం లోపలికి జారి, గేర్ల మధ్య నలిగి, ఇన్నాళ్లూ మెల్లగా జాలీకి పట్టేసింది. దారి మూసుకుపోతే పంపు ఆయిలు కోసం గుంజింది. గుంజేసరికి జాలీ చిరిగింది.

"మూత తీసి దణ్ణం పెట్టుకోమని నేను చెప్పానా?" అన్నారు పిన్నిగారు.

"దేవుడి ముందు మూత పెట్టుకుని నిలబడతామా ఎక్కడైనా?"

"నలభై ఏళ్లు ఫ్యాక్టరీలో ఏం బిగించావో గానీ, మహానుభావా!"

ఆ మధ్యాహ్నమంతా ఆయన ఆ పాత ఫిల్టరును బాగుచేయాలనే కూర్చున్నారు. డీజిలులో కడిగారు. నొక్కుకుపోయిన చోట పిన్నిగారి అప్పడాల కర్ర దూర్చి, లోపలినుంచి మెల్లగా తోసి గుండ్రం చేశారు. పిన్నిగారు కర్ర కోసం ఒక పెద్ద యుద్ధం చేసి ఓడిపోయారు. చిరిగిన చోట టంకం పెట్టారు. తరవాత దాన్ని ఎండకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చూశారు. నాకూ చూపించారు. జాలీలో వెలుగు ఆవగింజల్లా పడుతోంది, అతుకు దగ్గర మాత్రం సన్నగా ఒక గీత.

"మనసు ఒప్పుకోవట్లేదండీ" అన్నారు.

"మొగులు జూడు బాబాయ్ ఎట్ల గమ్ముకున్నదో. జర సన్న తీగతోని కుట్టెయ్, నాలుగు దినాలు నడుస్తది. విత్తనం లోపల పడ్డంక కొత్తది తెద్దువు."

"కుట్టిన ఫిల్టరు ఉందన్న మాటే గానీ లేనట్టేనండీ. ఆ తీగముక్క ఊడి పంపులోకి పోయిందనుకోండి, తరవాత మీరు హోమం చేసినా లేవదు. కొత్తది తెప్పిద్దాం." దాన్ని పక్కన పెట్టేశారు. హైదరాబాద్‌కు ఫోను చేసి, బస్సు పార్సిల్లో పంపమన్నారు. అది వచ్చేలోపు ట్రాక్టరు పొట్టంతా తుడిచారు. నేను దూది అందిస్తే చేతి మీద కొట్టినంత పని చేశారు. దూది పీచు వదులుతుందట. పిన్నిగారి పాత నైలాను చీర చింపించి దాంతో తుడిచారు. "దేవుడి పటాలు తుడిచే గుడ్డ కూడా ఇంత శుభ్రంగా ఉండదు గురువుగారూ" అని నన్నొక పోటు పొడిచారు.

మర్నాడు పొద్దున హైవే మీద హోటల్లో చాయ్ తాగాం. ఏ సూచనా లేదు. ఎంత తవ్వుకున్నా, ఒక్కటి కూడా దొరకడం లేదు నాకు. చెయ్యి నొక్కుకోలేదు, ఆయాసపడలేదు, మొహం పాలిపోలేదు. ఇంకో సమోసా కావాలన్నారు. "సాయంత్రానికి నా చేలో అయిపోతుంది. రేపు మీ చేలో దిగుతాను, టిఫిను మాత్రం మీ ఇంట్లో. రొట్టె వద్దండీ బాబూ, ఉప్మా చెయ్యమనండి" అన్నారు. బస్టాండు వైపు నడిచి వెళ్లారు. నేను వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఎందుకు చూస్తాను? మధ్యాహ్నం కనబడే మనిషిని పొద్దున తిరిగి చూసేవాళ్లు ఉంటారా?

కర్మ చేయడానికి ఆయన తమ్ముడు వచ్చాడు. మంచివాడు. వదినగారిని కన్నతల్లిలా చూసుకుంటానని వచ్చినవాళ్లందరి ముందు అన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. దినాలు కాగానే చేను కౌలుకో అమ్మకానికో పెట్టి, ఆవిడను తణుకు తీసుకుపోదామని ఆయన ఆలోచన. పిన్నిగారు ఔననలేదు, కాదనలేదు. చితి ఆరిన మర్నాడు షెడ్డులోకి వెళ్లి గోనెల మీద అల్లం తిరగేస్తూ కూర్చున్నారు. నేను వెళితే ఒక దుంప నా చేతిలో పెట్టారు. మొలక గోరంత ఉండేది వేలంత అయింది.

"ఇది నేలలో పడితే ఈ ఏడాది ఇక్కడ నాకు పని ఉన్నట్టండీ. పడకపోతే మా మరిదిగారి ఇంట్లో టీవీ ముందు కూర్చోవడమే" అన్నారు. అంత మెల్లగా అన్నారు గానీ, ఆ మాట నా గుండెలో మేకులా దిగింది.

కూలికి పెద్ద ట్రాక్టరు దొరుకుతుందా అని అడిగాను, అందరూ ఆ వారమే దున్నుతున్నారు. పైగా డ్రిప్పు పైపులు పరిచిన ఆ ఇరుకులో అది దూరదు. మెకానిక్కును పిలిస్తే, చావు జరిగిన ఇంట్లో, పోయిన మనిషి చెయ్యి పెట్టి వదిలిన పని ముట్టుకోనన్నాడు. దినాలు కానివ్వండి, ఆ తరవాత వస్తానన్నాడు. అప్పటికి ఆ విత్తనం గోనె మీదే కుళ్లుతుంది.

ఆ సాయంత్రం పిన్నిగారు కొంగు నడుముకు చుట్టుకుని ట్రాక్టరు పక్కన కూర్చున్నారు. ఫిల్టరు మీద చెయ్యి వేశారు. మరిది పరుగున వచ్చాడు.

"వదినా, ఏం చేస్తున్నావ్? మైలలో ఉన్నాం. ఇనుం ముట్టకూడదు, నాగలి కదపకూడదు. అందులోనూ..." అని ఆగి, తల వంచుకుని, "నీ చేత్తో విత్తనం పని మొదలెట్టడం బాగోదు వదినా. నలుగురూ ఏమంటారు?"

పిన్నిగారు తల తిప్పి నన్ను చూశారు.

"గురువుగారూ, మీ పుస్తకంలో ఏముందండీ?"

మైల గురించి నేను మైకులో చెప్పనిది లేదు. వంట, పూజ, గుడి గడప, అన్నీ చెప్పాను. పరామర్శకు వచ్చిన జనం నా వైపు చూస్తున్నారు. నా చెయ్యి దానంతటది సంచిలోకి పోయింది. ఎర్రగుడ్డ విప్పాను. పేజీలు తిప్పాను. గ్రంథం ఎన్నడూ నన్ను నిరాశపరచలేదు; ఆ వేళ కూడా పరచలేదు. కానీ నేను వెతికింది అందులో ఉన్న మాట కాదు, లేని మాట. విధవ చేతికి విత్తనం మొలవదనే భయం ఎవరు రాశారు? ఎక్కడ రాశారు? నాకు కనిపించలేదు. ఇన్నేళ్లలో ఎన్నడూ కనిపించలేదు. కనిపించనిదాన్ని ఊరంతా ఎట్లా కంఠతా పట్టింది?

నా గొంతు మైకు లేకుండానే లేచింది.

"ఇగో గ్రంథం! పట్టుండ్రి. ఎవలకన్న సదువొస్తే తీసి సూపెట్టుండ్రి. నలభై ఏండ్లు ఆ మనిషితోని సంసారం జేసిన చెయ్యి గది. ఆయన పండుకుంటే దుప్పటి కప్పిన చెయ్యి. గా చేతికి ఏం అంటుకున్నదయ్యా? జెప్పుండ్రి! వైద్యునికి, పనోనికి మైల సడలిస్తరని పెద్దలే రాసిన్రు. పని ఆగితే పానం పొయ్యేకాడ మైల అడ్డం రాదు. గా మొలకలకు పానం లేదా? మైల మనకు. మట్టికి లేదు. మట్టికి మైలైతే ఇంక భూమ్మీద ఒక్క గింజ మొలవదు!"

గ్రంథం రెండు చేతులా ముందుకు చాపాను. మరిది గ్రంథం వైపు చూశాడు గానీ తీసుకోలేదు. దగ్గరికి వచ్చి, వంగి, కింద ఉన్న టార్చి లైటు తీసి పట్టుకున్నాడు. అదే ఆయన జవాబు.

పిన్నిగారు చేత్తోనే తిప్పారు. పానా ముట్టుకోలేదు. నేను చూస్తున్నాను: వేళ్లు ఆగి ఆగి తిప్పుతున్నాయి, ఆగినప్పుడల్లా ఏదో వింటున్నట్టు. చేతికి ఇక తిరగని దాకా వచ్చాక, "ఆ పెద్దది ఇవ్వండి" అని పానా అడిగి ఒక్క గుంజు గుంజారు. ఆయిలు పోశాం. ఈసారి మూత పెట్టేవరకు ఆవిడ చేతిని గరాటు మీదినుంచి తీయలేదు. మా ఆవిడ బయట నిలబడి, "మొగులు నెత్తి మీదికొచ్చింది, జల్ది" అని అరుస్తోంది.

ఇంజన్ అందుకుంది. పిన్నిగారు సీటు మీద కూర్చోలేదు, పక్కన నిలబడే మీట ఎత్తారు. వెనక చేతులు కదలలేదు. "లోపలి గాలి పోవాలండీ" అన్నారు ఆవిడ. దించి, మళ్లీ ఎత్తారు. మళ్లీ దించి, మళ్లీ ఎత్తారు. ఒకసారి పంపు గొంతు సవరించుకున్నట్టు శబ్దం చేసింది. ఆ తరవాత ఇనుము లేచింది. వణుకు లేదు. కీచు లేదు. అంత బరువూ నేల వదిలి, మా నడుముల ఎత్తుకు వచ్చి ఆగింది.

మర్నాడు బెడ్లు తీశాం. నా చేలో పని ఆపి మా కూలీలందరూ అక్కడే దిగారు. విత్తనం పడింది. చివరి సాలు కప్పుతుండగా వాన వచ్చింది. మరిది దినాలు చేసి, ఒక్కడే తణుకు బస్సెక్కాడు. ఇవన్నీ జరిగాయి. చెప్పాలి గనుక చెబుతున్నాను.

కానీ నేను కళ్లు మూసుకుంటే అవేవీ రావు. ఆ సాయంత్రమే వస్తుంది. ఇనుము లేచి ఆగగానే మేమందరం ఊపిరి వదిలాం. మా ఆవిడ చప్పట్లు కొట్టబోయింది. పిన్నిగారు చెయ్యెత్తి ఆపారు. ఇంజన్ ఆపేశారు.

"ఎందుకాపిన్రు పిన్నిగారూ?" అన్నాను.

"ఉండండి. మెల్లగా దిగిపోతుందేమో చూడాలి. దిగితే లోపల ఎక్కడో జారిపోతున్నట్టు."

శబ్దం ఆగేసరికి షెడ్డు ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. అప్పుడు తెలిసింది నాకు ఆయన లేరని. ఫోనులో విన్నప్పుడు కాదు, చాప మీద చూసినప్పుడు కాదు, చితి దగ్గర కాదు. అప్పుడు. మరిది టార్చి అలాగే పట్టుకుని ఉన్నాడు. పిన్నిగారు మీట మీద చెయ్యి తీసేసి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. అందరం ఆ ఇనుము వైపే చూస్తున్నాం. దాని పళ్లకు అంటుకున్న ఎర్రమట్టి పెళ్ల ఒకటి ఊడి కింద పడింది. కాసేపటికి ఇంకొకటి.

ఇనుము మాత్రం గాలిలో అలాగే నిలబడి ఉంది.